బండి యెందుకు గుంజుచున్నది?

మోటారుబండి నడుపువారు సమతలమైన దారిలో స్టీరింగు మీది పట్టును రవంత సడలించినపుడు బండి తిన్నగా సాగవలెను. అట్లు సాగక ఒక ప్రక్కకు తొలగుచుండినచో తెలంగాణమున "బండి గుంజుతున్నది" అందురు. ఇది చక్కని మాట. బండి తన యిష్టము వచ్చిన దిక్కునకు పోజూచుటయు, నడుపువాడు దానితో పెనగులాడుటయు ఆ ఒక్క క్రియలోనే ఇమిడియున్నవి. గుంజుడు కనబడగానే దానిని ముందు చక్రముల పొందికకు, అనగా వీల్ అలైన్‌మెంటుకు ముడిపెట్టి, రంగురంగుల తెర గల యంత్రమున్న దుకాణమునకు బండిని తోలుకొనిపోవుట నేడు పరిపాటి అయినది. ఒక్కొక్కప్పుడు దోషము నిజముగా అచ్చటనే యుండును. పెక్కుమారులు మరియొక చోట నుండును. రోగమెరుగక మందు వేసినట్లు డబ్బు పోవును, గుంజుడు మిగులును. కనుక దోషమెచ్చట నున్నదో ఇంటి ముంగిటనే ఒక దారపుటుండతో, ఒక సుద్దముక్కతో, రెండు చేతులతో కనిపెట్టు విధానమును నేటి ప్రసంగమున వివరింప దలచితిమి.

ఉదాహరణమునకు ఇబ్రహీంపట్నమును గైకొందము. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఈ పట్టణము చక్రముల శాస్త్రమునకు మంచి పాఠశాల. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలము నాటి పెద్దచెరువు వలన ఈ ఊరు ప్రసిద్ధికెక్కినది. ఊరి మీదుగా పోవు దారిని సాగరు రోడ్డందురు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునకు పోవు దారి యగుటచే ఆ పేరు. నగరము వీడి తుర్కయంజాలు, బొంగ్లూరు, మంగల్‌పల్లి, శేరిగూడ దాటినచో ఊరు వచ్చును. ఆవల యాచారము, మాల్. ఈ దారిలో ఆర్.టి.సి. బస్సులు, ఇంజనీరింగు కళాశాలల బస్సులు, కంకర టిప్పర్లు, ట్రాక్టర్లు, కార్లు, కూరగాయల బండ్లు ఒకదాని వెంట నొకటి పోవుచుండును. బొంగ్లూరు వద్ద 158 కిలోమీటర్ల పొడవు గల అవుటరు రింగు రోడ్డు అడ్డముగా పోవును. దాని మీద నున్నటి పరుగు. ప్రక్క పల్లెలకు మరలినచో స్పీడు బ్రేకర్లు, వాన వెలిసిన పిదప తేలిన గుంతలు. తెల్లవారుజామున పల్లె గుంతలో దబ్బున దిగిన చక్రము మరి అరగంటకు పెద్దరోడ్డు మీద మహావేగముతో తిరుగవలెను. గుంతలో కలిగిన చెరుపు అచ్చట బయటపడును. టమాటల పెట్టెలతో నిండిన బండిలో నడుపువానితోపాటు రైతు దంపతులు కూడ కూర్చుండి యుండవచ్చును. అందుచేత ఇది కేవలము టైర్ల ఖర్చు సంగతి కాదు.

దోషమును గుర్తించుటకు ముందు పొందిక యనగా నేమో తెలియవలెను. మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఒక ఇరుసు, రెండు చక్రములు. మలుపు తిప్పునవి ఎడ్లే. నాలుగు చక్రముల గుర్రపుబండ్లు వచ్చినపుడు ముందు ఇరుసు మొత్తము నడుమ నొక మేకు మీద తిరుగునట్లు చేసిరి. ఇరుసు అడ్డము తిరుగగా బండి తలక్రిందులగు ప్రమాదము కలిగెడిది. మ్యూనిక్ నగరమున బండ్లు చేయు జార్జి లాంకెన్‌స్పెర్గర్ 1817 ప్రాంతమున ఇరుసును కదలనీయక, దాని రెండు కొసలయందు చక్రములకు వేర్వేరు కీళ్ల నమర్చి, రెంటిని ఒక కడ్డీతో కలిపెను. 1818లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ ఇంగ్లండులో దానికి పేటెంటు పొందెను. కనిపెట్టినవాని పేరు మరుగున పడి పేటెంటు పొందినవాని పేరు నిలిచినది. శాస్త్రచరిత్రలో ఇది క్రొత్త కాదు. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిననాడును, ఈనాడు బొంగ్లూరు దాటుచున్న కార్లయందును, మలుపు తిప్పు సూత్రము అదే. సుఖమెక్కువైనది, చిక్కును వచ్చినది. ఇరుసు ఒకటిగా నున్నంత కాలము రెండు చక్రములు ఒకే దిక్కు చూచుచుండెడివి. కీళ్లు వేరైన పిదప ఆ కడ్డీ పొడవు రవంత మారినను ఒక చక్రమొక వైపు, రెండవది మరియొక వైపు చూడసాగును.

ఇట్లు చూచు కోణములలో మొదటిదానిని మెకానిక్కులు "టో" అందురు. నిలుచున్న మనిషి పాదముల మునివేళ్లు లోనికి తిరిగినట్లు చక్రముల ముందంచులు దగ్గరైనచో టో ఇన్. వెలుపలికి తిరిగినచో టో అవుట్. వెనుక చక్రములు తోయు బండ్లకు సామాన్యముగా కొద్దిపాటి టో ఇన్ ఇత్తురు. పరుగులో రోడ్డు ఒరిపిడి చక్రములను వెనుకకు నెట్టి తెరచును గనుక, ఆ లోపలి వాలు దానికి సరిపోవును. ముందు చక్రములే లాగు కార్లలో దాదాపు సున్నకు దగ్గరగా నుంతురు. అన్నిటిలో టైర్లను ఎక్కువగా తినివేయునది ఈ టోయే. లెక్క చూడుడు. 600 మిల్లీమీటర్ల వ్యాసము గల టైర్ల నడుమ, వెనుకంచుల ఎడముకన్న ముందంచుల ఎడము 3 మిల్లీమీటర్లు తక్కువ యున్నదనుకొందము. ఒక్కొక్క చక్రము వంతు 1.5 మిల్లీమీటర్లు. అనగా చక్రము తాను చూచు దిక్కునకును బండి పోవు దిక్కునకును నాలుగువందల పాళ్లలో ఒక పాలు తేడా. బండి ఒక కిలోమీటరు పోవునప్పటికి ప్రతి టైరు అడ్డముగా రెండున్నర మీటర్లు రాచుకొనిపోవును. వేయి కిలోమీటర్లకు రెండున్నర కిలోమీటర్లు! తారురోడ్డు మీద రబ్బరును అంత దూరము ఈడ్చినట్లే. దీనిని నిలిపి గీకు ఆకురాయి యక్కరలేదు.

రెండవది క్యాంబరు. ముందు నుండి చూచినపుడు చక్రము నిటారుగా నున్నదా, పైభాగము లోనికో వెలుపలికో ఒరిగినదా యన్నది. మన బండిచక్రముల ఆకులు కుండలోనికి పళ్లెమువలె కొంచెము లోతుగా దిగియుండును. పాతకాలపు మోటార్లయందును చక్రముల పైభాగము వెలుపలికి వాలెడిది. నేటి కార్లలో అది సున్న చుట్టుప్రక్కల, తరచు రవంత లోనికి వాలియుండును. రెండు ప్రక్కల క్యాంబరులలో తేడా యున్నచో బండి పైభాగము వెలుపలికి ఎక్కువ వాలిన చక్రము వైపునకు గుంజును. నేల మీద ఒరిగి దొర్లు గిన్నె ఒరిగిన ప్రక్కకే తిరుగుట చూచియుందుము గదా.

మూడవది క్యాస్టరు. ఇది కంటికి కనబడదు. సైకిలును ప్రక్క నుండి చూడుడు. హాండిలు నుండి దిగు గొట్టము నిటారుగా గాక వెనుకకు వాలియుండును. ఆ వాలు గీతను నేలదాక పొడిగించినచో అది చక్రము నేలను తాకు చోటుకంటె ముందు తగులును. అందుచేత చక్రము ఎల్లప్పుడు ఆ చోటునకు వెనుకబడి, తనంతట తాను తిన్నగా నిలుచును. సైకిలును చేతులు వదలి తొక్కగలుగుటలో ఈ వాలునకును కొంత పాలున్నది. మోటారునకు మలుపు తిప్పిన పిదప స్టీరింగు తిరిగి నడిమికి వచ్చుట దీని చలువయే. క్యాస్టరు తగ్గినచో స్టీరింగు తేలికగా తిరుగును గాని మరలి రాదు, దారిలో బండి తేలుచున్నట్లుండును. రెండు ప్రక్కల క్యాస్టరులు సమముగా లేనిచో తక్కువ యున్న వైపునకు గుంజును. వెనుక కమానుపట్టీలు కూలబడిన సరకుల బండిలో చట్రము వాలు మారి క్యాస్టరు కూడ మారునని పలువురు గమనింపరు.

ఇక పరీక్షలకు వత్తము. మొదటి పరీక్షకు ముందు గాలి చూడవలెను. చల్లగా నున్న టైర్లలో, బండి తలుపు వద్దనో పుస్తకమునందో వ్రాసిన కొలత ప్రకారము గాలి నింపవలెను. ఒక ముందు టైరులో గాలి తగ్గినచో బండి ఆ వైపునకే గుంజును. అలైన్‌మెంటు దుకాణమునకు పోయిన బండ్లలో కొన్ని పంక్చరు దుకాణముననే బాగుపడదగినవి.

పిదప దారిని అనుమానింపవలెను. వాననీరు నిలువకుండుటకై రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేయుదురు. మనము ఎడమ ప్రక్కన నడుపువారము గనుక మంచి బండి కూడ మెల్లగా ఎడమకు జారును. ఇది బండి దోషమా, దారి దోషమా తెలియుటెట్లు? ఇబ్రహీంపట్నము చుట్టు స్థలముల వ్యాపారులు వేసిన వెంచర్లు పెక్కు గలవు. ఇండ్లు ఇంకను లేవలేదు, తిన్నని రోడ్లు మాత్రము పడియున్నవి. అట్టి నిర్జనమైన రోడ్డు మీద ఒకే జాడలో ముందు తూర్పునకును పిదప పడమటికిని గంటకు 40 కిలోమీటర్లు మించక నడిపి చూడుడు. చేతులు స్టీరింగునకు అంగుళము దూరముననే యుండవలెను. పోవునపుడు ఎడమకును వచ్చునపుడు కుడికిని జారినచో వాలు రోడ్డుదే. రెండు మారులు ఒకే ప్రక్కకు గుంజినచో బండిదే. రద్దీగల సాగరు రోడ్డు మీద గాని అవుటరు రింగు రోడ్డు మీద గాని ఈ పరీక్ష చేయరాదు.

బండిదే యని తేలిన తరువాత కూడ చక్రముల కోణములను నిందించుటకు తొందర వలదు. బ్రేకు నొక్కినపుడు మాత్రమే గుంజినచో దోషము బ్రేకులలో నున్నది. బ్రేకు నొక్కకున్నను ఒక చక్రపు బ్రేకు పట్టియే యుండవచ్చును. రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడక నడిపి, దిగి, రెండు ముందు చక్రముల నడిమి భాగముల దగ్గరకు అరచేయి తెచ్చి చూడుడు. తాకవలదు, సెగ చాలును. ఒకటి మిక్కిలి వేడిగా నున్నచో పట్టుచున్నది అదియే. రేడియలు టైర్లలో మరియొక విచిత్రము గలదు. లోని పొరలు రవంత ఎడమగనో కుడిగనో కూర్చబడిన టైరు, చూచుటకు గుండ్రముగా నున్నను, కొయ్య బొంగరమువలె ఒక ప్రక్కకు దొర్లును. ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడుపుడు. గుంజుడు దిక్కు మారినచో టైరే నేరస్థుడు. మారనిచో టైరు నిర్దోషి. (తిరుగు దిక్కును బాణముతో గుర్తించిన టైర్లను ఇట్లు మార్చరాదు.) ఇంకొక మాట. గంటకు 80 కిలోమీటర్ల వేగమునకు చేరగానే స్టీరింగు వణకి, వేగము తగ్గింపగానే వణకు మానినచో సామాన్యముగా అది బ్యాలెన్సింగు లోపము, అలైన్‌మెంటు కాదు. బోర్డు మీద రెండు మాటలు కలిపి వ్రాయుటచే రెండును ఒకటే యని జనులు భ్రమపడుచున్నారు.

టైరు అబద్ధమాడదు, చదువ నేర్వవలెను, అంతే. స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి బండిని నిలిపినచో టైరు ముఖము మొత్తము కనబడును. నడిమి భాగము మాత్రము అరిగినచో గాలి ఎక్కువ. రెండంచులు అరిగినచో గాలి తక్కువ. ఒక టైరుకు ఒక అంచు మాత్రమే నున్నగా అరిగి, రెండవ టైరు బాగుగా నున్నచో ఆ చక్రపు క్యాంబరును శంకింపవలెను. రెండు టైర్లకును ఒకే విధమైన అంచులు అరిగి, వాటి గట్లు రంపపు పళ్లవలె చేతికి తగిలినచో టో చెడినది. అరచేతిని టైరు మీద అడ్డముగా, వెలుపలి నుండి లోపలికి నిమురుడు. తిరిగి లోపలి నుండి వెలుపలికి నిమురుడు. లోపలికి పోవునపుడు మెత్తగాను, వెలుపలికి వచ్చునపుడు గరుకుగాను తగిలినచో టో ఇన్ ఎక్కువైనది. అందుకు విరుద్ధముగా నున్నచో టో అవుట్. కారణము సులభము. టో ఇన్ గల టైరు వెలుపలికి రాచుకొనుచుండును. ముందుగా రాపిడికి తగులు గట్ల వెలుపలి అంచులు గుండ్రబడును, వెనుకబడిన లోపలి అంచులు పదునుగా మిగులును. చేయి చొచ్చుటకు ముందు టైరులో తీగలు తేలలేదు గదా యని కన్నుతో చూచుకొనుట మంచిది. ఇక అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగినచో షాక్ అబ్జార్బరులు నీరసించినవి, లేదా చక్రము సమతూకములో లేదు.

ఈ చదువు ఎందుకనగా, టో అవుట్ అయిన టైరు లోపలి అంచు అరుగును. లోపలి అంచు నిలుచున్నవానికి కనబడదు. వెలుపలి నుండి టైరు నిగనిగలాడుచుండును, లోపలి ప్రక్క ఉక్కుతీగలు బయటపడియుండును. కార్లు మొదలగు వాటికి గట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నది మన దేశపు మోటారు నియమము. ఆ మట్టమును తెలుపు చిన్న దిమ్మెలు టైరు గాడులలోనే పోతపోసియుండును. లోపలి గాడిలోని దిమ్మెను చూచు అలవాటు మన డ్రైవర్లలో తక్కువ. వేసవి మధ్యాహ్నము, నిండు బరువుతో, అట్టి టైరు ప్రేలినపుడు బండి ఏ దిక్కునకు పోవునో చెప్పజాలము.

ఇపుడు జాకీ తీయుడు. సమతలముగా నుండు గట్టి నేల మీద, వెనుక చక్రములకు రాళ్లు అడ్డు పెట్టి, ముందు చక్రమును పైకెత్తి, చట్రము క్రింద దిమ్మె నిలుపవలెను. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదు. చక్రమును పైనను క్రిందను రెండు చేతుల పట్టి ముందుకు వెనుకకు ఊపుడు. లొడలొడ యన్నచో హబ్బు బేరింగు గాని, బాలుజాయింటు గాని, లారీలలో కింగుపిన్ను గాని వదులైనది. ఒకరిని బ్రేకు నొక్కమని మరల ఊపుడు. లొడలొడ నిలిచిపోయినచో బేరింగు, నిలువనిచో జాయింటు. పిదప చక్రమును ఎడమ కుడి ప్రక్కలను పట్టి ఊపుడు. ఇపుడు మాత్రమే కదలిక కనబడినచో టైరాడ్ ఎండ్ అను కడ్డీ కొసను, స్టీరింగు పెట్టెను శంకింపవలెను. ఒకరు ఊపుచుండగా మరియొకరు ఆ కొస మీద వ్రేలుంచినచో లోపలి గుండు ఎగురుట తెలియును.

మేము చూచిన ఒక కూరగాయల బండి సంగతి ఇచ్చట చెప్పదగును. ముందు టైర్లు వరుసగా అరిగిపోవుచున్నవని యజమాని కొన్ని నెలలలో మూడుమారులు అలైన్‌మెంటు చేయించెను. ప్రతిమారు యంత్రము తెర మీద అంకెలన్నియు పచ్చగా వెలిగినవి. ప్రతిమారు పదునైదు దినములకు స్టీరింగు మరల వంకర నిలిచినది. దోషము ఎడమ టైరాడ్ ఎండ్ లోని వదులు. చక్రము నిలిచియున్నపుడు ఆ కొస ఎచ్చట నిలిచినదో అచ్చటి కొలతను యంత్రము చెప్పినది. దారిన పడగానే కొస మరియొక చోటికి జారినది. యంత్రము అబద్ధమాడలేదు, దానిని అడిగిన ప్రశ్నయే తప్పు. "జర ఊపి చూడుండ్రి భాయ్, గప్పుడు కొల్వుండ్రి" అని ఒక వృద్ధ మెకానిక్కు చెప్పిన మాటలో ఈ శాస్త్రములో సగము భాగమున్నది. ఆ కొస అరిగి అరిగి ఒకనాడు ఊడిపోయినచో స్టీరింగు త్రిప్పినను ఒక చక్రము తిరుగదు. ఖర్చు మిగులుటకంటె ఇది పెద్ద సంగతి. వదులైన భాగము మార్చక అలైన్‌మెంటు చేయువానికి డబ్బీయరాదని మా అభిప్రాయము.

కీళ్లన్నియు గట్టిగా నున్నచో కొలత వేయవచ్చును. ఇంటిలో టో కొలుచుటకు ఉపాయమిది. ముందు చక్రములను ఎత్తి, టైరు నడుమ చుట్టు సుద్ద పూయుడు. ఒక చెక్కకు మేకు దిగగొట్టి, దానిని నేల మీద కదలకుండ అదిమి, మేకు మొన సుద్దకు తగులునట్లు చక్రమును చేతితో త్రిప్పుడు. సన్నని గీత పడును. రెండవ చక్రమునకు నిట్లే గీయుడు. బండిని దించి, స్టీరింగు తిన్నగా నుంచి, నాలుగైదు మీటర్లు ముందుకు త్రోసినచో చక్రములు సర్దుకొనును. హబ్బు ఎత్తున, రెండు గీతల నడుమ ఎడమును ముందు వైపున కొలిచి, అదే ఎత్తున వెనుక వైపున కొలువుడు. ముందు కొలత తక్కువైనచో టో ఇన్, ఎక్కువైనచో టో అవుట్, ఎంత తేడాయో అంత. ఇంజను అడ్డు వచ్చినచో పొడవాటి కర్రకు రెండు నిలువు పుల్లలు కట్టి, ఆ పుల్లల కొనలతో కొలతను దొంగిలింపవచ్చును. బండి బరువు రోజువారీ బరువే యుండవలెను. క్యాంబరునకు వడ్రంగులు వాడు లంబకపు దారము చాలును. దానిని రిమ్ము పైయంచున వ్రేలాడదీసి, పైయంచునకు క్రిందియంచునకు దారము నుండి గల దూరములలో తేడా చూడవలెను. 14 అంగుళముల రిమ్మునకు 6, 7 మిల్లీమీటర్ల తేడా సుమారు ఒక డిగ్రీతో సమానము. క్యాస్టరును ఇంటిలో కొలుచుట కష్టము. ఆ పని యంత్రమునకు వదలుట మేలు.

వెనుక చక్రములను మరువరాదు. వెనుక చక్రములు ప్రక్కకు చూచుచున్నచో బండి పీతవలె ఏటవాలుగా నడచును. దానిని తిన్నగా పోనిచ్చుటకు స్టీరింగును ఎల్లప్పుడు కొంత వంకరగా పట్టవలసి వచ్చును. తడినేల మీద నడిపి జాడలు చూచినచో వెనుక చక్రముల జాడలు ముందు జాడల నడుమ సమముగా పడలేదని తెలియును. గుంజుడు లేకుండ, స్టీరింగు మాత్రము వంకరగా నిలుచుటకు ముఖ్యకారణములు రెండు: ఒకటి వెనుక చక్రముల చూపు, రెండు టైరాడ్లలో ఒకదానిని మాత్రమే త్రిప్పి కొలత సరిచేసిన మెకానిక్కు తొందర.

దుకాణమునకు పోయినపుడు అడుగవలసినవి కొద్దిగా గలవు. సర్దకమునుపటి అంకెలును, సర్దిన పిదపటి అంకెలును కాగితము మీద ఈయుమని అడుగవలెను. పచ్చరంగు కాదు, అంకెలు చూడవలెను. ఎడమ కుడి ప్రక్కల తేడా చూడవలెను. మన దేశపు చిన్న కార్లలో పెక్కింటికి ముందు చక్రములయందు టో ఒక్కటే త్రిప్పుటకు వీలుగలది. క్యాంబరు తేడా వచ్చినచో ఏదో వంగినదని అర్థము: ఆర్ము గాని, స్ట్రట్టు గాని, చట్రము గాని. అట్టి చోట "సెట్టు చేసినాము" అని చెప్పువానిని ఏ బోల్టు త్రిప్పితివో చూపుమని మర్యాదగా అడుగుట తప్పు కాదు. సుత్తితో, గొలుసుతో వంచి అంకె పచ్చబడునట్లు చేయుట అలైన్‌మెంటు కాదు. కరెంటు సాయముతో తిరుగు స్టీరింగు గల క్రొత్త కార్లలో చక్రముల నడిమి స్థానమును కంప్యూటరుకు మరల తెలుపవలసి యుండవచ్చును. లేనిచో దారి దిద్దు పరికరములు తప్పు దిక్కును సరియని తలచును.

ఇతర బండ్లను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. ఆటోరిక్షాకు ముందు ఒకే చక్రముండుటచే అచ్చట టో ప్రసక్తి లేదు. ముందు ఫోర్కు వంగుట, బేరింగులు వదులగుట చూచినచో చాలును. లారీలకును కమానుపట్టీల బస్సులకును ముందు ఇరుసు ఒకే ఉక్కుదూలము. క్యాంబరు ఆ దూలముననే పోతపోయబడియుండును. కనుక కొలవవలసినది టో, చూడవలసినది కింగుపిన్నులు, కమాను బోల్టులు. నడిమి బోల్టు తెగి ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జరిగినచో ఏ టైరాడ్ త్రిప్పినను బండి తిన్నగా పోదు. ఇరుసు కొసల నుండి వెనుక ఇరుసు దాక రెండు ప్రక్కల టేపు పట్టి కొలిచినచో ఇది నిమిషములో తెలియును. ట్రాక్టరు ముందు చక్రములకును టో ఉన్నది. ఎడము మార్చుకొను వీలుగల ఇరుసులలో దుక్కికొక ఎడము, ట్రాలీకొక ఎడము పెట్టినపుడు, కడ్డీ పొడవును గూడ మార్చి టో సరిచూడవలెనని రైతు సోదరులు గుర్తుంచుకొనవలెను. పెక్కురు ఇరుసును జరిపి కడ్డీని అందాజుగా బిగింతురు. నాగలి సాళ్లలో తెలియని దోషము, ట్రాలీ కట్టి సాగరు రోడ్డెక్కగానే చక్రములు ఊగుటచే తెలియును.

ఎపుడెపుడు చూచుకొనవలెనని శ్రోతలడుగవచ్చును. క్రొత్త టైర్లు వేసినపుడు, టైరాడ్ గాని బాలుజాయింటు గాని మార్చినపుడు, రిమ్ము వంగునంతగా గుంతలో పడినపుడు తప్పక చూడవలెను. మిగిలిన కాలమున వారమునకొకసారి, గాలి నింపు దినమున, స్టీరింగును ఒకమారు పూర్తిగా ఎడమకును ఒకమారు కుడికిని త్రిప్పి, వంగి, రెండు టైర్ల లోపలి అంచులను చేతిదీపముతో చూడుడు. తీగ కనబడినచో ఆ టైరుతో పెద్దరోడ్డెక్కక, అచ్చటనే స్టెప్నీ మార్చి, మెల్లగా దుకాణమునకు పోవలెను.